ముందు ఎవరు పలకరించాలి?

ఈ నెల అందిన ఉత్తరాల్లో మూడింటిని ఒకచోట చేర్చాను. మూడూ చెన్నైలో ఉంటున్న తెలుగువారు రాసినవే. మూడింటిలోనూ విషయం మగవారి మధ్య స్నేహమే. రాసినవారి పేర్లు, వారిని గుర్తుపట్టగల వివరాలు తీసేశాను.

ప్రశ్న: నా వయసు 43. సొంత ఊరు కావలి. పదహారేళ్ళుగా చెన్నైలో ఉద్యోగం చేస్తూ ఇప్పుడు మేడవాక్కంలో ఉంటున్నాను. ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ నాతో ఒకే గదిలో ఉన్న స్నేహితుడు ఇదే ఊళ్ళో, అంబత్తూరులో ఉన్నాడు. 2015 డిసెంబరు వరదల్లో వేళచ్చేరిలో మేము అద్దెకున్న ఇల్లు మునిగినప్పుడు మా అమ్మానాన్నలతో సహా అయిదుగురం వాడింట్లో పన్నెండు రోజులు ఉన్నాం. అలాంటివాణ్ణి చూసి నాలుగేళ్ళయింది. తగాదా ఏమీ లేదు. ఎనిమిది నెలల క్రితం మా నాన్నగారు పోయారు. కాలేజీ వాట్సాప్ గ్రూపులో నలభై మంది ‘ఓం శాంతి’ అని పెట్టారు, వాడూ అదే పెట్టాడు. ఫోన్ చెయ్యలేదు. నాన్నగారు పోయిన బాధ మీద ఇది ఇంకొక బాధగా కూర్చుంది. నిజం చెప్పాలంటే, 2020లో వాడి ఉద్యోగం పోయిందని విన్నప్పుడు నేనూ ఫోన్ చెయ్యలేదు. ఏం మాట్లాడాలో తోచక వాయిదా వేశాను. నా భార్య నన్ను బాగా చూసుకుంటుంది, మనసులో ఏమున్నా తనతో చెప్పమంటుంది. అయినా నాకు స్నేహితుడు కావాలనిపిస్తోంది. పెళ్ళాంపిల్లలున్న మగవాడు ఈ వయసులో ఇలా కోరుకోవడం సబబేనా?

జవాబు: సబబే. పెళ్ళయి, పిల్లలు పుట్టి, నలభై దాటిన మగవాడికి స్నేహితుడి అవసరం తీరిపోతుందని మనవాళ్ళు ఎందుకో అనుకుంటారు కాని, అసలు బరువులు మీద పడేది ఆ వయసులోనే. తల్లిదండ్రులు ఒక్కొక్కరే వెళ్ళిపోవడం, ఉద్యోగం అటూ ఇటూ కావడం, ఒంట్లో మొదటిసారి ఏదో తేడా కనిపించడం, ఇవన్నీ మొదలయ్యే సమయానికి పక్కన మనిషి లేకుండా పోవడం మీ ఒక్కరికే జరగలేదు.

మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది 2020 గురించి మీరు రాసిన మాట. అతని ఉద్యోగం పోయినప్పుడు మీరు ఫోన్ చెయ్యకపోవడానికి కారణం ప్రేమ లేకపోవడం కాదని మీకు తెలుసు. ఏమనాలో తోచలేదు, రేపు చేద్దామనుకున్నారు, వారం గడిచాక ఇంత ఆలస్యంగా చేస్తే ఏమనుకుంటాడోనని జంకారు, ఆ తరువాత జంకే అలవాటైపోయింది. మీ నాన్నగారు పోయినప్పుడు అతనికీ అచ్చంగా ఇదే జరిగి ఉంటుందని ఎందుకు అనుకోకూడదు? పైగా అతనికి ఇంకొక అడ్డు కూడా ఉంది. తన కష్టంలో పలకరించని మనిషిని తాను ఏ ముఖం పెట్టుకుని పలకరించాలన్నది ఆ అడ్డు. మగవారి స్నేహాల్లో తగాదాతో తెగిపోయేవి తక్కువ, ఇలా మాట వాయిదా పడి ఎండిపోయేవే ఎక్కువ అని, ఇన్నేళ్ళుగా ఈ ఉత్తరాలు చదువుతున్న నాకు గట్టిగా అనిపిస్తుంది.

మాట రాకపోవడం అనే ఈ ఇబ్బంది మన పెద్దలకు తెలుసు. పరామర్శ అనే ఆచారంలో దానికి చోటుంది. చావు జరిగిన ఇంటికి వెళ్ళినవాడు ఏమీ మాట్లాడనక్కరలేదు. కాసేపు కూర్చుని, వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా లేచి వచ్చేస్తాడు. దుఃఖంలో ఉన్నవాడికి కావలసింది అతను వచ్చి కూర్చున్నాడన్నదే. ఇప్పుడు మనిషి రావడం మానేసి మాటను మాత్రం పంపుతున్నాం, అదీ నలభై మంది పంపిన మాటనే. మీ స్నేహితుడు ఆ రెండు మాటలు పెట్టేటప్పుడు ఎంతసేపు ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాడో మీకు తెలియదు, నాకూ తెలియదు.

ఉద్యోగం తొలి రోజుల్లో నేను ట్రిప్లికేన్‌లో ఒక మేన్షన్ గదిలో మరొకరితో కలిసి ఉండేవాణ్ణి. మా అన్నయ్య పోయాడని టెలిగ్రాం వచ్చిన రాత్రి అతను ఒక్క మాట కూడా అనలేదు. నా బట్టలు సంచిలో సర్ది, నాతో సెంట్రల్ స్టేషనుకు వచ్చి, ఇద్దరికీ టిక్కెట్లు కొని, రిజర్వేషన్ లేని పెట్టెలో గూడూరు దాకా నా పక్కన నిలబడి, అక్కడ నాకు కూర్చోవడానికి చోటు దొరికాక దిగి వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అతను ఏదైనా అని ఉంటే ఇప్పటికి మరిచిపోయి ఉండేవాణ్ణి. గూడూరు ప్లాట్‌ఫారం మీద కిటికీ పక్కన నిలబడిన మనిషిని మాత్రం మరవలేదు.

మీ భార్య ఉండగా స్నేహితుడు కావాలనిపించడం ఆమెకు అన్యాయం చేసినట్టు కాదు. ఆమెకు మీ నాన్నగారు మామగారు, ఆయనను ఆమె ఎరిగిన తీరు వేరు. మీ స్నేహితుడు ఆయనను మీ హాస్టలు రోజుల నుంచీ ఎరుగును. వరద నీళ్ళలో ఇల్లు వదిలివచ్చిన ఆ పెద్దాయన పన్నెండు రోజులు కొడుకు స్నేహితుడి ఇంట్లో ఎలా మొహమాటపడ్డారో, ఎలా సర్దుకున్నారో దగ్గరుండి చూసినవాడు. మీరు ఆయన గురించి ఒక మాట ఎత్తితే రెండో మాట తాను అందుకోగలడు. పోయినవారి జ్ఞాపకానికి మనతో పాటు ఇంకొక సాక్షి ఉండడంలోని ఊరట వేరే ఎవరూ ఇవ్వగలిగింది కాదు. అదీకాక, మగవాడి మనసులోని బరువంతా భార్య ఒక్కతే మొయ్యాలనడం ఆమె మీద కూడా దయ లేకపోవడమే.

అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1938లో మొదలైన ఒక పరిశోధన 724 మంది మగవారి జీవితాలను కుర్రతనం నుంచి ముసలితనం దాకా గమనిస్తూ వచ్చింది. వారిలో కొందరు ఆ విశ్వవిద్యాలయపు విద్యార్థులు, తక్కినవారు బోస్టన్ నగరంలోని పేదవాడల పిల్లలు. యాభయ్యో ఏట తమవారితో ఉన్న సంబంధాల పట్ల ఎవరు ఎక్కువ తృప్తిగా ఉన్నారో వారే ఎనభయ్యో ఏట ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారనీ, ముందు ముందు ఆరోగ్యం ఎలా ఉంటుందో చెప్పడానికి యాభయ్యో ఏటి కొలెస్టరాల్ లెక్క కంటె ఆ తృప్తే బాగా పనికివచ్చిందనీ పరిశోధకులు తేల్చారు. మీకు ఇంకా ఏడేళ్ళ వ్యవధి ఉంది.

కాబట్టి ముందు మీరే వెళ్ళండి. ‘నువ్వు ఫోన్ చెయ్యలేదు’ అనే ఫిర్యాదుతో మొదలుపెట్టకండి. ‘నీ ఉద్యోగం పోయినప్పుడు నేను ఫోన్ చెయ్యలేదురా, అప్పటినుంచీ సిగ్గుగా ఉంది’ అని మీ బాకీతో మొదలుపెట్టండి. అది కూడా నోరు పెగలకపోతే పాత సంగతి ఎత్తండి. కుచేలుడు ద్వారకకు వెళ్ళినప్పుడు శ్రీకృష్ణుడు ఎందుకొచ్చావని అడగలేదు. కాళ్ళు కడిగి, చెయ్యి పట్టుకుని, సాందీపని దగ్గర చదువుకునే రోజుల్లో గురుపత్ని పంపగా కట్టెల కోసం అడవికి వెళ్ళి, గాలివానలో దారి తప్పి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని రాత్రంతా తిరిగిన సంగతి ఎత్తాడు. అటుకుల మాట ఆ తరువాతది. మీ ఇద్దరికీ కూడా ఒక గాలివాన ఉంది కదా. 2015 డిసెంబరును తలుచుకుంటే, మీ నాన్నగారి మాట దానంతట అదే వస్తుంది.

ఒకసారి కలిసి వదిలేస్తే లాభం లేదు. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు 2018లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, కొత్తగా పరిచయమైనవారు ఓ మాదిరి స్నేహితులు కావడానికి సుమారు 50 గంటలు, గట్టి స్నేహితులు కావడానికి 90 గంటలు, ఆప్తులు కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపవలసి ఉంటుంది. హాస్టలు గదిలో 200 గంటలు నెల తిరక్కుండానే గడిచిపోయాయి, అందుకే అప్పుడు స్నేహం దానంతట అదే కుదిరిందని మనకు అనిపిస్తుంది. ఇప్పుడు పదిహేను రోజులకొకసారి రెండేసి గంటలు కలిస్తే ఏడాదికి 52 గంటలవుతాయి. కొత్తవాడు ఆప్తుడు కావాలంటే ఆ లెక్కన దాదాపు నాలుగేళ్ళు పడుతుంది. మీ ఇద్దరి మధ్యా పునాది ఎప్పుడో పడి ఉంది కనుక అంతకాలం అక్కర్లేదని నా నమ్మకం, కాని ఆ రెండు గంటలు మాత్రం తప్పకూడదు. ‘వీలైతే కలుద్దాం’ అనుకునేవారు కలవరు. రెండో ఆదివారం, నాలుగో ఆదివారం అని ఖాయం చేసుకోండి.

కలిసినప్పుడు ఎదురెదురుగా కూర్చుని మనసు విప్పాలన్న నియమం పెట్టుకోకండి. చాలామంది మగవారికి పక్కపక్కన నడుస్తున్నప్పుడో, కలిసి ఏదైనా పని చేస్తున్నప్పుడో మాట దొరుకుతుంది. మద్రాసు తెలుగువారికి ఈ విషయంలో బాపు, ముళ్ళపూడి వెంకటరమణల కంటె దగ్గరి ఉదాహరణ లేదు. చిన్ననాడు ఈ ఊళ్ళోనే కలిసిన ఆ ఇద్దరూ, ఒకరు రాసినదానికి ఒకరు బొమ్మ వేస్తూ, తరువాత ఒకరు రాసినదాన్ని ఒకరు సినిమాగా తీస్తూ, రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో ఉంటూ, 2011లో రమణ కన్నుమూసేదాకా కలిసే ఉన్నారు. ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఏదో ఒక ఉమ్మడి పని ఉండేది. మీకు అలాంటి పని కుదరకపోతే నడకైనా చాలు. లజ్ దగ్గర కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరున్న పార్కు మీ ఇద్దరి ఇళ్ళకూ మధ్యలో పడుతుంది. నాలుగు చుట్లు తిరిగి, మైలాపూరులో కాఫీ తాగి ఇంటికి వెళ్ళండి. మొదటి రెండుసార్లు క్రికెట్టు, పిల్లల చదువులు తప్ప మరేమీ రాకపోయినా నిరుత్సాహపడకండి.

రెండు మూడుసార్లు ప్రయత్నించినా అతను ముందుకు రాకపోతే కోపం పెట్టుకోకండి, తలుపు తీసే ఉంచండి. ఇంకొకరితో మొదలుపెట్టడానికి 43 ఏళ్ళు ఆలస్యం కాదు.

ప్రశ్న: మా వారికి ఇరవై ఏళ్ళ నాటి స్నేహితుడున్నారు. ప్రతి ఆదివారం ఉదయం ఇద్దరూ బీసెంట్ నగర్ బీచికి నడకకు వెళ్తారు. మా వారికి ఆరు నెలలుగా వ్యాపారంలో నష్టం వస్తోందనీ, ఆ స్నేహితుడు మూడు లక్షలు సర్దారనీ మొన్న ఆయన భార్య మాటల్లో తెలిసింది. నాకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. డబ్బు సంగతి అలా ఉంచండి, నాకంటె ముందు ఆయనకు తెలిసిందన్నదే మంటగా ఉంది. ఈ స్నేహం మాన్పించడం మంచిదా? — ఒక గృహిణి, అశోక్ నగర్

జవాబు: మాన్పించకండమ్మా. మీకు కలిగిన బాధ న్యాయమైనదే, కాని అది ఆ స్నేహం మీదికి మళ్ళకూడదు. ఆయనకు ఆ స్నేహితుడు కూడా లేకపోయి ఉంటే మీకు ముందుగా తెలిసేదని అనుకుంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. ఆరు నెలల పాటు ఆయన ఎవరికీ చెప్పకుండా ఉండేవారు, వడ్డీకి ఎవరి దగ్గరో తెచ్చేవారు, నష్టంతో పాటు ఒంటరితనం కూడా మోసేవారు.

మన ఇళ్ళలో మగవాడికి సంపాదించి పెట్టేవాడన్న పేరు మీద గౌరవం అలవాటు చేశాం. అందుచేత సంపాదన కుంటుపడ్డప్పుడు తన మీద ఆధారపడినవారి ముందు ఆ మాట చెప్పడం అతనికి అన్నిటికంటె కష్టం. స్నేహితుడు అతని మీద ఆధారపడినవాడు కాదు. ఆ నష్టం విన్నంత మాత్రాన అతని కళ్ళలో తన విలువ తగ్గదన్న ధైర్యం ఉంటుంది. మీ వారు ముందు అక్కడ చెప్పుకోవడం మీమీద నమ్మకం లేక కాకపోవచ్చు, మీ ముందు చిన్నబోతానన్న భయంతో అయి ఉండవచ్చు.

అయితే ఒక లోపం మాత్రం జరిగింది, అది ఆ స్నేహితుడి వైపు నుంచి కూడా. డబ్బు ఇచ్చి గుట్టు కాపాడడంతో ఆయన ఆగిపోయారు. ‘ముందు ఇంటికి వెళ్ళి మా చెల్లెమ్మకు చెప్పు, కావాలంటే నేనూ వచ్చి కూర్చుంటాను’ అని ఉంటే ఆ సహాయం పూర్తయ్యేది. ఈ మాట మీరు ఆయనతోనే, మీ వారి ఎదుట, నిష్ఠూరం లేకుండా అనవచ్చు. ముందుగా మాత్రం మీ వారితో ఒంటరిగా మాట్లాడండి. ఎవరి ద్వారా తెలిసిందన్న విచారణ పక్కన పెట్టి, ‘మీకు ముందు ఎవరితో చెప్పుకోవాలనిపిస్తే వారితో చెప్పుకోండి, కాని ఇంటికి సంబంధించినది నాకు తెలియకుండా వారం దాటకూడదు’ అని అడగండి. ఆదివారం నడక సాగనివ్వండి.

ప్రశ్న: నాకు 24 ఏళ్ళు, పెరుంగుడిలో పీజీలో ఉంటున్నాను. నా రూమ్మేటు చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. రెండు నెలలుగా వాడు సరిగా నిద్రపోవడం లేదు. మొన్న తాగినప్పుడు ‘నేను లేకపోతే అందరికీ హాయి’ అన్నాడు. నిన్న, ఎంతో ఇష్టపడి కొనుక్కున్న కెమెరా నా చేతిలో పెట్టి ‘నువ్వే ఉంచుకోరా’ అన్నాడు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. సూటిగా అడిగితే లేని ఆలోచన నేనే కలిగించినట్టవుతుందేమోనని భయంగా ఉంది. ఏం చెయ్యాలి?

జవాబు: ఈ ఉత్తరానికి అందిన రోజునే జవాబు పంపాను. ఇలాంటి స్థితిలో ఉన్న మరికొందరికి ఉపయోగపడుతుందని ఇక్కడ కూడా ఇస్తున్నాను.

సూటిగా అడగండి. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని, ఆ మాటే వాడి అడగండి. అడగడం వల్ల ఆ ఆలోచన పుడుతుందనుకోవడం అపోహ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. ఉన్న ఆలోచన బయటికి వచ్చి, కొంత ఊపిరాడుతుంది. తాగినప్పుడు కాదు, తెలివిలో ఉన్నప్పుడు, తొందర లేని సమయంలో అడగండి. అతను అవునంటే ఉపన్యాసం ఇవ్వకండి, ‘అమ్మానాన్నల మొహం చూసైనా’ అనకండి, అది అతను ఇప్పటికే మోస్తున్న, తప్పు చేశానన్న భావాన్ని పెంచుతుంది. వినండి. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి, ప్రమాదకరమైనవి ఏవైనా గదిలో ఉంటే తీసెయ్యండి.

ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, నిద్ర పట్టకపోవడం, తాను ఇతరులకు బరువన్న మాట, ఈ మూడూ ఒకేసారి కనిపించినప్పుడు తాగి అన్నమాటలే అని తీసిపారెయ్యకూడదు. 2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,70,924 మందిలో 1,22,724 మంది మగవారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. అంటే ప్రతి పదిమందిలో ఏడుగురికి పైగా. మన మగపిల్లలకు కష్టం మింగడం నేర్పినంతగా చెప్పుకోవడం నేర్పకపోవడానికి దీనిలో భాగం లేదని నేను అనుకోలేను.

మీరు వైద్యులు కారు, కానక్కరలేదు కూడా. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ సేవ పలుకుతుంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ సేవ ఉచితం, పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. ముందు మీరే చేసి, మీ స్నేహితుడి పరిస్థితి చెప్పి సలహా అడగవచ్చు. చెన్నైలోనే 1986 నుంచి ‘స్నేహ’ అనే సంస్థ ఇటువంటి వేదనలో ఉన్నవారి మాట వింటోంది. కీల్పాక్‌లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. అపాయం వెంటనే ఉందనిపిస్తే ఆలోచించకుండా 108కి ఫోన్ చెయ్యండి. పోలీసు కేసవుతుందేమోనని వెనకాడకండి. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవారిగా భావించాలే తప్ప శిక్షించకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 115వ సెక్షనులో చెప్పింది.

ఇక ఒట్టు సంగతి. భర్తృహరి మంచి మిత్రుడి లక్షణాలను ఒక శ్లోకంలో వరసగా చెప్పాడు. రహస్యాన్ని దాచడం ఆ వరసలో మూడోది. దాని కంటె ముందు కీడు నుంచి మళ్ళించడం, మేలు వైపు నడిపించడం ఉన్నాయి. ఆ వరస అనుకోకుండా అలా కుదిరిందని నాకు అనిపించదు. ప్రాణానికే ముప్పు వచ్చినప్పుడు మూడోదాన్ని పట్టుకుని మొదటిదాన్ని వదిలేస్తే అది మాట నిలబెట్టుకోవడం అవదు. అతని అన్నయ్యకో, అతను ఎక్కువగా నమ్మే మరొకరికో చెప్పండి, చెబుతున్నానని అతనికి ముందుగానే చెప్పి మరీ చెప్పండి. కోప్పడవచ్చు, కొన్నాళ్ళు మాట్లాడకపోవచ్చు. ఆ కోపాన్ని భరించడానికి సిద్ధపడండి.

డాక్టరు దగ్గరికి మొదటిసారి వెళ్ళేటప్పుడు మీరు కూడా వెళ్ళి బయట బెంచీ మీద కూర్చోండి. ఆ రోజుకు ఆఫీసులో సెలవు పెట్టండి. కెమెరా తిరిగి ఇచ్చెయ్యాలని ఇప్పుడే పెనుగులాడకండి, ‘నీదే, నా దగ్గర భద్రంగా ఉంటుంది’ అని చెప్పి బీరువాలో పెట్టండి. అతను తనంతట తాను అడిగిన రోజున బ్యాటరీ ఛార్జి చేసి ఇవ్వండి.